పంది మీద నింద – వైరస్ వంశావళి

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం మిత్రులు కోరారు. అమరావతి స్తూపం గురించో, కొండవీటి రెడ్డిరాజుల గురించో, ఒంగోలు గిత్త గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి మీద సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. ప్రకాశం జిల్లా ఏర్పడిన 1970వ సంవత్సరంలోనే పశుసంవర్ధక శాఖలో చేరి, 2004లో పదవీ విరమణ చేసిన నేను ఎవరూ ముట్టుకోని విషయం ఎంచుకున్నాను. అది పంది. ఇంకా సరిగా చెప్పాలంటే, పందులకు సోకే వైరస్‌లలో ఏది ఏమిటో గుర్తించి, వాటిని వర్గాలుగా విడదీసిన విద్య యొక్క చరిత్ర.

పంది పేరెత్తగానే ముఖం చిట్లించే మిత్రులు ఉంటారని నాకు తెలుసు. అయినా పేజీ తిప్పవద్దని మనవి. కరోనా కాలంలో డెల్టా, ఒమిక్రాన్ అనే మాటలు మనమందరం విన్నాము. రోగికి జ్వరం ఎంత ఉందో, దగ్గు ఎలా ఉందో చూసి ఆ రకాలను విడదీయలేదు. వైరస్ లోపలి జన్యు పదార్థాన్ని అక్షరం అక్షరం చదివి విడదీశారు. ఆ చదువునే జన్యుక్రమ నిర్ధారణ అంటారు, వాడుకలో సీక్వెన్సింగ్. పందుల జబ్బుల విషయంలో ఈ చదువు ఒక శాస్త్ర విజయం మాత్రమే కాదు, ఒక న్యాయ విచారణ కూడా. రోగానికి తప్పు పేరు పెడితే శిక్ష వేరొకరికి పడుతుంది. మన వైపు ఆ శిక్ష తరచుగా పందుల మీద, వాటిని పెంచుకునే నిరుపేదల మీద పడింది.

మన నేల, మన పందులు

గుంటూరు, ప్రకాశం అనగానే పత్తి, మిరప గుర్తుకు వస్తాయి. కాని 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత మెట్టప్రాంతంలోనూ వరి పెరిగింది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు డెల్టా భూములు ముందునుంచీ మాగాణే. నీరు నిలిచిన వరిమడి, ఆ మడిలో పుట్టే క్యూలెక్స్ దోమ, మడి గట్టున వాలే కొంగ, ఊరి చివర తిరిగే పంది – ఈ నాలుగూ పక్కపక్కన ఉన్న ప్రాంతం మనది. ఈ నాలుగింటి కథ ముందు ముందు వస్తుంది కనుక గుర్తుంచుకోండి.

ఊరి చివర పందులను పెంచేవారిలో ఎక్కువమంది ఎరుకలవారు. పూర్వం వారు ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా తిరిగి వ్యాపారం చేసేవారు. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. బుట్టలు అల్లటం, ఎరుక చెప్పటం, పందుల పెంపకం మిగిలాయి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసినప్పుడు, కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టారు. అందులో ఎరుకలవారూ చేరారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం ఆ విధంగా 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంటు. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినంత మాత్రాన అనుమానం పోలేదన్నది మనకు తెలిసినదే.

ఆ ఇళ్ళలో పంది అంటే ఏమిటో మా శాఖవారికి బాగా తెలుసు. సూడి మోయటం మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. అంటే 114 రోజులు. ఈతకు నాటు పందికి నాలుగైదు పిల్లలు. పెట్టుబడి దాదాపు లేదు. పెళ్ళికో, ఆస్పత్రికో డబ్బు కావలసినప్పుడు ఒకటి అమ్ముకుంటారు. గన్నవరం క్షేత్రం నుంచి సీమపంది పోతులను తెచ్చి జాతిని మెరుగుపరచాలని మా శాఖ చేసిన ప్రయత్నాలు మన పాత ఉద్యోగులకు గుర్తుండే ఉంటాయి.

నేను ప్రకాశం జిల్లాలో పనిచేస్తున్న రోజుల్లో ఒక పల్లెలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు తీవ్రమైన జ్వరం, ఫిట్లు వచ్చాయి. రక్తపరీక్ష జరగకముందే పెద్దలు సమావేశమై పందులను రాత్రికి రాత్రి పొలిమేర దాటించాలని నిర్ణయించారు. మరునాడు నేను వెళ్ళేసరికి ఒక ముసలమ్మ ఖాళీ దొడ్డి ముందు కూర్చొని ఉంది. “అయ్యా, రోగం మా పందిదని ఎట్టా తేల్చారు? పందిని చూసి తేల్చారా, నన్ను చూసి తేల్చారా?” అని అడిగింది. ఆనాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల పరీక్ష మా తాలూకా ఆస్పత్రిలోనే కాదు, జిల్లా మొత్తం మీద ఎక్కడా లేదు.

లక్షణం చూసి పేరు పెట్టిన కాలం

ఆమె ప్రశ్న కొత్తదేమీ కాదు. పందుల జబ్బులకు పేరు పెట్టటంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే తడబడ్డారు. అమెరికాలో పందులను గుంపులు గుంపులుగా చంపిన “హాగ్ కలరా” అనే వ్యాధి ఉండేది. దానినే మనం స్వైన్ ఫీవర్, పంది జ్వరం అంటున్నాము. 1885లో డేనియల్ సాల్మన్ ప్రయోగశాలలో థియోబాల్డ్ స్మిత్ చచ్చిన పందుల నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. రోగకారణం దొరికిందనుకున్నారు. ఆ బాక్టీరియా జాతికి సాల్మన్ పేరు మీదనే సాల్మొనెల్లా అనే పేరు స్థిరపడింది. 1903లో డి ష్వైనిట్జ్, డార్సెట్ అనే ఇద్దరు మరొక పరీక్ష చేశారు. రోగిపంది రక్తరసాన్ని బాక్టీరియా దూరలేని సన్నని వడపోతల గుండా వడగట్టి, ఆ తేటను మంచి పందికి ఎక్కించారు. దానికీ జబ్బు వచ్చింది. అసలు కారణం బాక్టీరియా కన్నా చాలా చిన్నదైన వైరస్ అని తేలింది. సాల్మొనెల్లా రోగం ముదిరాక చేరిన రెండో దొంగ మాత్రమే.

ఆ తరువాత ఇంకొక చిక్కు వచ్చింది. కెన్యాలో తెల్లదొరలు తెచ్చిన పందులు అచ్చం అదే రోగంలా కనిపించే జబ్బుతో చచ్చిపోయాయి. కాని పాత పంది జ్వరాన్ని ఆపే రసి దీనిని ఆపలేదు. 1921లో మాంట్‌గోమరీ అనే పశువైద్యుడు ఇది వేరే వ్యాధి అని వివరంగా ప్రకటించాడు. దానికి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పేరు వచ్చింది. మన దేశంలో పాత రకం పంది జ్వరం మొదటిసారి 1944లో అలీగఢ్‌లో నమోదయింది.

మా సర్వీసు కాలంలో మేము చేసినది కూడా లక్షణాలను చదవటమే. పంది చచ్చిందని కబురు వస్తే వెళ్ళి కోసి చూసేవాళ్ళం. మూత్రపిండాల మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు, ప్లీహం అంచున నల్లటి మచ్చలు ఉంటే “స్వైన్ ఫీవర్ అనుమానం” అని వ్రాసేవాళ్ళం. ఆ “అనుమానం” అన్న మాటను చెరిపివేయటానికి ముక్క కోసి సీసాలో పెట్టి, థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి, అటెండరుకు ఇచ్చి బస్సు ఎక్కించేవాళ్ళం. వేసవిలో ఆ ఐసు ఎంతసేపు నిలుస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. నమూనా పాడైనదని వారాల తరువాత కార్డు ముక్క వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈలోగా మిగిలిన పందులు ఉండేవి కావు.

అక్షరాలు చదవటం అంటే

వైరస్ ఒక చిన్న చీటీ లాంటిది. చుట్టూ ఒక కవరు. లోపల నాలుగే నాలుగు అక్షరాలతో వ్రాసిన సందేశం. కొన్ని వైరస్‌లలో ఆ సందేశం ఆర్.ఎన్.ఏ. మీద, కొన్నింటిలో డి.ఎన్.ఏ. మీద ఉంటుంది. పాత పంది జ్వరం వైరస్‌లో సుమారు 12,300 అక్షరాలు. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌లో సుమారు 11,000. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్‌లో 1,70,000కు పైగా.

వైరస్ తన ప్రతులను తానే వ్రాయించుకుంటుంది. వ్రాసేటప్పుడు అక్కడక్కడ అక్షరం తప్పుతుంది. ఆ తప్పు తరువాతి ప్రతులలో కొనసాగుతుంది. తాళపత్ర గ్రంథాలు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. సి.పి. బ్రౌన్ దొర పండితులను నియమించి, ఒకే కావ్యానికి ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు పోల్చి చూపించాడు. రెండు ప్రతులలో ఒకే చోట ఒకే లేఖకదోషం ఉంటే ఆ రెండూ ఒకే మాతృక నుంచి పుట్టినవని గ్రహించవచ్చు. వైరస్‌ల వంశావళి తయారుచేసేదీ ఈ పద్ధతిలోనే. ఒకే రకం దోషాలున్నవి ఒక గోత్రం. ఎక్కువ తేడాలున్నవి దూరపు చుట్టాలు. పోలికే లేనివి పరాయివి.

ఈ అక్షరాలు చదివే సులువైన పద్ధతిని ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ 1977లో ప్రకటించాడు. 1980లో ఆయనకు రెండవ నోబెల్ బహుమతి వచ్చింది. 1983లో అమెరికాలో కారీ మల్లిస్ పి.సి.ఆర్. అనే ప్రక్రియను కనిపెట్టాడు. నమూనాలో చిటికెడు జన్యుపదార్థం ఉన్నా దానిని కోట్ల ప్రతులుగా పెంచి చదవటం దానితో సాధ్యమైంది. ఐసు కరిగిపోయి వైరస్ చచ్చిన నమూనాలో కూడా ఒక్కొక్కసారి దాని అక్షరాలు మిగిలి ఉంటాయి. మాలాంటి వాళ్ళకు ఇది ఎంత పెద్ద మార్పో ఊహించుకోండి.

మెదడువాపు – పంది పాత్ర ఎంత?

పందిపై నిజంగా కొంత నేరం ఉన్న వ్యాధిని ముందు చెప్పుకోవాలి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను జపానులో 1935లో వేరుచేశారు. మన దేశంలో మొదటి మానవ కేసులను 1955లో, చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న వేలూరులో గుర్తించారు. ఈ వైరస్ సహజంగా కొంగల్లో ఉంటుంది. వరిమడి దోమ కొంగను కుట్టి పందిని కుడితే, పంది రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. సూడిపందులు ఈసుకుపోతాయి, మిగిలినవాటికి పెద్దగా జబ్బు కనిపించదు. ఆ పందిని కుట్టిన దోమ పిల్లవాడిని కుడితే మెదడువాపు రావచ్చు. మనిషి నుంచి దోమకు మాత్రం వైరస్ అందదు. ముందు చెప్పిన నాలుగింటి కథ ఇదే. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది.

1990లో ఆసియా దేశాల నుంచి సేకరించిన 46 వైరస్ నమూనాలలో ఒక్కొక్కదాని నుంచి 240 అక్షరాల భాగాన్ని చదివి పోల్చారు. దానితో ఈ వైరస్‌ను జన్యురూపాలుగా విభజించటం మొదలైంది. ఇప్పుడు ఐదింటిని లెక్కిస్తున్నారు. మన దేశంలో చాలాకాలం కనిపించింది మూడవ జన్యురూపం. 2009, 2010లలో గోరఖ్‌పూర్ ప్రాంతపు నమూనాలలో మొదటి జన్యురూపం కూడా బయటపడింది. వైరస్ ఎక్కడినుంచి ఎక్కడికి కదులుతున్నదో, ఉన్న టీకా దానికి సరిపోతుందో లేదో చూడటానికి ఈ విభజనే ఆధారం. 1981లో కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌తో తయారైన టీకాను హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 2013లో విడుదల చేసింది. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ భద్రపరచిన నమూనా అది. ముప్పై ఏళ్ళ క్రితం ఎవరో జాగ్రత్తగా దాచిన ఒక సీసా మన మనుమల పాలిట రక్షణ అయింది.

మలేషియా నేర్పిన పాఠం

మెదడువాపు అనగానే ఇదే వైరస్ అనుకుంటే ఎంత ప్రమాదమో, మన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న మలేషియాలో తేలింది. 1998 సెప్టెంబరులో ఈపో పట్టణ ప్రాంతంలో పందుల కొట్టాలలో పనిచేసేవారికి మెదడువాపు రాసాగింది. పందులు, మెదడువాపు – రెండూ కలిసేసరికి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని నిర్ణయించారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా చావులు ఆగలేదు. లెక్క చూస్తే తేడా కనిపిస్తూనే ఉంది. ఆ వ్యాధి సాధారణంగా పిల్లలను పట్టాలి. ఇక్కడ పడిపోతున్నది పందులను చేతులతో పట్టుకునే వయోజనులు. టీకా వేయించుకున్నవారూ పోతున్నారు. ఈలోగా పందులను ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి అమ్ముకోవటంతో జబ్బు వాటితో పాటే ప్రయాణించింది.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయానికి చెందిన చువా కా బింగ్ ఒక రోగి నమూనా నుంచి కొత్త వైరస్‌ను బయటపెట్టారు. అమెరికా ప్రయోగశాలలలో అక్షరాలు చదివితే అది జపనీస్ వైరస్ కుటుంబమే కాదు. 1994లో ఆస్ట్రేలియాలో గుర్రాల నుంచి దొరికిన హెండ్రా వైరస్‌కు దగ్గరి బంధువు. ఆ రోగి ఊరైన సుంగై నిపా పేరు మీద దానికి నిపా అని పేరు పెట్టారు. అది దోమతో రాదు. గబ్బిలం నుంచి పందికి, పందిని తాకిన మనిషికి వస్తుంది. అప్పటికి మలేషియాలో 265 మందికి సోకి, 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది. సరైన పేరు కొన్ని నెలల ముందే తెలిసి ఉంటే పందుల రవాణా ఆగేది, ఎన్నో ప్రాణాలు దక్కేవి. ఇక్కడ పంది దోషమే. కాని మనం పెట్టిన నేరం వేరు, అది చేసిన నేరం వేరు.

2003 – మన రాష్ట్రంలో

నా సర్వీసు ఆఖరి సంవత్సరంలో ఇందుకు తలకిందులైన సంఘటన మన రాష్ట్రంలోనే జరిగింది. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు, తెలంగాణ జిల్లాలు కూడా కలిసి ఉన్న ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో, పిల్లలు జ్వరం, వాంతులు, ఫిట్లతో ఒకటి రెండు రోజులలోనే కన్నుమూశారు. లెక్కకు వచ్చిన 329 మంది పిల్లలలో 183 మంది చనిపోయారు. మెదడువాపు అన్న మాట వినగానే జనం చూపు యథాప్రకారం పందుల మీదకు మళ్ళింది. మా ఫోన్లు ఆగకుండా మోగాయి. అందరూ అడిగినది ఒక్కటే – “మీ పందులను ఎప్పుడు తొలగిస్తారు?” పందులు మా శాఖ సొత్తు అయినట్లు.

నమూనాలు పూణే వెళ్ళాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు ఆధారం దొరకలేదు. దొరికినది చాందీపుర వైరస్. 1965లో నాగపూర్ నగరంలోని చాందీపుర అనే పేటలో జ్వరపీడితుల రక్తంలో మొదటిసారి కనిపించినందున దానికి ఆ పేరు వచ్చింది. 2003 నాటి వైరస్ జన్యువులను చదివి, దాచి ఉంచిన 1965 నాటి వైరస్‌తో పోల్చారు. దగ్గరి పోలిక కనిపించింది. ఇది పిచ్చికుక్క కాటు వ్యాధి తెచ్చే వైరస్ కుటుంబానికి చెందినది. మట్టిగోడల నెర్రెలలో దాగే ఇసుక ఈగ దీనిని మోస్తుందని భావిస్తున్నారు. ఆ పరిశోధన 2004లో ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అన్ని నమూనాలలోనూ వైరస్ దొరకలేదు కనుక కొందరు వైద్యులు సందేహాలు వెలిబుచ్చారు. శాస్త్రంలో అది ఆరోగ్యకరమైన వాదనే. వాదించుకోవటానికి అందరి ముందూ ఒక ఆధారం ఉండటమే పెద్ద మేలు.

న్యాయంగా ఇంకొక సంగతీ చెప్పాలి. తరువాత కరీంనగర్ జిల్లాలో పశువుల రక్తం పరీక్షించగా, చాందీపుర వైరస్ సోకిన గుర్తులు అన్నింటికంటే పందులలోనే ఎక్కువగా కనిపించాయి. గేదెలు, ఆవులు, మేకలు, గొర్రెలలోనూ కనిపించాయి. సోకటం వేరు, వ్యాపింపజేయటం వేరు. మన ఇంటి గేదెకు సోకిందని గేదెను ఊరి నుంచి తరమము కదా. పిల్లలను కాపాడటానికి చేయవలసినది గోడల నెర్రెలు పూడ్చి మందు చల్లటం, జ్వరం రాగానే ఆస్పత్రికి తీసుకుపోవటం.

2009 – పేరే శత్రువైన రోగం

స్వైన్ ఫ్లూ మీకందరికీ గుర్తుంది. మన దేశంలో మొదటి కేసు 2009 మే 16న హైదరాబాదులో బయటపడింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన యువకుడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే వైరస్ అక్షరాలు చదివి ప్రపంచం ముందు పెట్టారు. ఫ్లూ వైరస్ జన్యువు ఎనిమిది ముక్కలుగా ఉంటుంది. ఈ వైరస్‌లో ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందులలో తిరిగే వైరస్‌వి, రెండు ఐరోపా, ఆసియా పందులలో తిరిగే వైరస్‌వి. ఇంకా వెనక్కు పోతే పక్షి ముక్కలు, మనిషి ముక్కలు కూడా ఉన్నాయి. పుట్టుక పందులలోనే. కాని మన దాకా వచ్చింది మనిషి నుంచి మనిషికి. అందుకే 2009 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వైన్ ఫ్లూ అనటం మాని ఇన్‌ఫ్లుయెంజా ఎ, హెచ్1ఎన్1 అనసాగింది.

పేరు మారేలోగా జరగవలసిన నష్టం జరిగింది. ఈజిప్టు ప్రభుత్వం దేశంలోని దాదాపు 3 లక్షల పందులను చంపమని ఉత్తర్వు ఇచ్చింది. ఆ పందులలో ఈ ఫ్లూ కనిపించలేదు. కైరో నగరంలో ఇంటింటి చెత్త ఎత్తి, అందులోని కుళ్ళిన తిండిని పందులకు వేసి బ్రతికే పేదలు వీధిన పడ్డారు. తినే పందులు లేక ఊరి చెత్త వీధులలో పేరుకుపోయింది. మన ఊరి చివర బ్రతుకులను ఎరిగినవారికి ఈ కథ పరాయిదిగా తోచదు.

రెండు జ్వరాలు – ఒకే వేషం

ఇప్పుడు పందుల పెంపకందారును బెదిరిస్తున్నది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2007లో అది జార్జియా దేశానికి, 2018లో చైనాకు చేరింది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో పందులు చచ్చినప్పుడు భోపాల్‌లోని ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ అదేనని నిర్ధారించింది. ఒక జన్యువు అక్షరాల ఆధారంగా అది రెండవ జన్యురూపమని, అంటే జార్జియా, చైనాలను కుదిపిన వంశమేనని తేలింది. 2022 జూలైలో కేరళలోని వాయనాడులో కూడా కనిపించింది.

రెండు పంది జ్వరాలనూ కంటితో విడదీయటం అనుభవజ్ఞుడైన పశువైద్యునికీ కష్టం. అవే జ్వరం, అవే ఎర్రమచ్చలు, అదే చావు. వంశావళిలో మాత్రం పేరులో చుట్టరికమే తప్ప రక్తసంబంధం లేదు. పాత జ్వరం వైరస్ చిన్నది, ఆర్.ఎన్.ఏ.ది, పశువుల్లో విరేచనాల వ్యాధి తెచ్చే ఒక వైరస్‌కు దాయాది. ఆఫ్రికన్ వైరస్ పెద్దది, డి.ఎన్.ఏ.ది, అసలు వేరే కుటుంబం.

ఈ తేడా పుస్తకాలకే పరిమితం కాదు. పాత జ్వరానికి టీకా ఉంది. దశాబ్దాలపాటు దానిని కుందేళ్ళలో పెంచి తయారుచేశారు. ఒక కుందేలు నుంచి సుమారు 50 మోతాదులే వచ్చేవి కనుక ఎప్పుడూ కొరతే. భారతీయ పశువైద్య పరిశోధనా సంస్థ కణజాలంలో పెంచే టీకాను రూపొందించి 2020లో విడుదల చేయటంతో కుందేళ్ళ అవసరం తప్పింది. అదే సంస్థ శాస్త్రవేత్తలు, ఇతరులు మన దేశపు వైరస్‌లను చదివి, పూర్వం ఎక్కువగా ఒకటవ వర్గానివి ఉండగా తరువాత రెండవ వర్గానివి పెరిగాయని చూపారు. ఆఫ్రికన్ జ్వరానికి మన రైతు చేతికి అందిన టీకా లేదు; సోకిన గుంపును తొలగించి, పరిహారం ఇచ్చి, కొట్టాలు శుభ్రం చేయటమే మార్గం. పాత జ్వరాన్ని ఆఫ్రికన్ జ్వరమనుకుంటే టీకాతో కాపాడగల పందులను చంపుతాము. ఆఫ్రికన్ జ్వరాన్ని పాతదనుకుంటే టీకా వేస్తూ కూర్చుంటాము. ఈలోగా జిల్లా అంతా పాకుతుంది. ఈ రెండు జ్వరాలూ మనుషులకు రావన్న సంగతి కూడా మీ ఇళ్ళలో అందరికీ చెప్పండి.

చివరి మాట

ఈ చరిత్రంతా చూస్తే యంత్రాల ఘనత కనిపిస్తుంది. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పూణేలో, భోపాల్‌లో ఎంత గొప్ప యంత్రం ఉన్నా దాని నోటిలో పెట్టటానికి నమూనా కావాలి. ఆ నమూనా పల్లె నుంచి రావాలి. 1965 నాటి వైరస్‌ను జాగ్రత్తగా దాచకపోతే 2003లో దేనితో పోల్చేవారు? కోలారు సీసాకు సరిగా పేరు, తేదీ వ్రాయకపోతే దాని నుంచి టీకా ఎలా వచ్చేది? ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, పంది కళేబరాన్ని కోసి, సీసాకు లేబులు అంటించి, రిజిస్టరులో ఎక్కించిన కాంపౌండర్లు, లైవ్‌స్టాక్ అసిస్టెంట్లు, అటెండర్లు మన సంఘంలో ఇంకా కొందరు ఉన్నారు. వారి పేర్లు ఏ పరిశోధనా పత్రంలోనూ ఉండవు. వారు ఈ విద్యకు మొదటి మెట్టు.

వాడ మీద పడిన నింద కూడా యంత్రంతో పోదు. పంది వీధిలో తిరగకుండా కొట్టం కట్టుకోవటానికి ఋణం, వరి పొలానికి, ఇళ్ళకు దూరంగా స్థలం, టీకా, చనిపోతే పరిహారం – ఇవి ఇస్తే పిల్లల ఆరోగ్యం, పేదవాని జీవనం రెండూ నిలుస్తాయి. రాత్రికి రాత్రి పొలిమేర దాటిస్తే రెండూ నిలవవు. ఆ పంది పక్క ఊరి దోమకు దొరుకుతుంది, అంతే.

పింఛనుదారులమైన మనకు ఊళ్ళో ఇంకా కొంత మాట చెల్లుబడి ఉంది. ఏదైనా జ్వరం ప్రబలి, జనం పందుల మీదకో, వాటి వెనుక ఉన్న మనుషుల మీదకో వెళుతున్నప్పుడు మనం రెండు ప్రశ్నలు అడగవచ్చు. నమూనా తీశారా? పరీక్షలో ఏ వైరస్ అని తేలింది? జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పటం పెద్దవాళ్ళుగా మనం చేయగల ఉపకారం.